జాతి అని రాసి ఉన్న గడి

గ్రూపు లోను కాయితంలో
పేరు రాశాను, ఇంటిపేరు రాశాను, లంక పేరూ రాశాను.
"ఏ జాతి?" అన్న గడి దగ్గర
పెన్ను ఆగిపోయింది.

పశువులాసుపత్రి కాంపౌండరు దానియేలు
సైకిలు దిగకుండానే చెప్పాడు:
"ముప్పై పిల్లలూ వనరాజాయే రాసెయ్, పల్లాలమ్మక్కా.
ఒకటే మేత, ఒకటే సూది,
లెక్క తేలిక. ఆయ్."

ఈయనకేమో అన్నీ డేగలే కావాలి.
ఒక్క పుంజుకి నానబెట్టిన బాదంపప్పు తినిపించే మనిషి
నా పెట్టలకి నూకలు గిద్దతో కొలుస్తాడు.

నా దొడ్లో ఎనిమిదుండేవి,
ఏ రెండూ ఒక గంప కింద పుట్టినవి కావు.
మెడ మీద ఈకల్లేనిది
అంబాజీపేట సంత నించి తలకిందులుగా వచ్చింది.
వంకరకాలు తెల్లది ఫారం లారీలోంచి జారిపడింది,
మట్టి అంటే ఏంటో తెలీదు దానికి,
కాళ్ళతో గీకడం రెండు నెలలు
నల్లదాని పక్కన నిలబడి నేర్చుకుంది.
మైలది బాతుగుడ్లు పొదిగి,
పిల్లలు పంటకాలవలో దిగిపోతే
గట్టు మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.
పుంజు ఒక్కటే. ఈయన నీడలో చూసి కాకి అంటాడు,
ఎండలో చూసి నెమలి అంటాడు,
చెరో మాటా ఆయనదే, పోట్లాటా ఆయనదే.

పోయినేడు శ్రావణంలో
గోదారి ఎర్రగా వంటింట్లోకొచ్చింది.
కరెంటు లేదు. పడవ కేక వినబడుతోంది.
గంప కింద చెయ్యి పెట్టి తడిమాను.
బోసి మెడ, ఉంది.
వంకర కాలు, ఉంది.
వేలు పొడిచింది, అయితే మైలదీ ఉంది.
అలా ఏడు.
ఎనిమిదోసారి చేతికి
తడి గడ్డి తగిలింది.
నల్లది లేదు.

ఏటిగట్టు మీద, టార్పాలిన్ కింద
నూకరత్నం తన ఫారంకోళ్ళని లెక్కపెట్టింది.
నూట నలభైకి తొంభై ఆరు.
"నలభై నాలుగు పోయాయే" అని
కొంగుతో మొహం తుడుచుకుని టీ తాగింది.
నేను తాగలేకపోయాను.
నలభై నాలుగు పోయిన మనిషితో
ఒక్కటి పోయిందని ఎలా అనను?

అన్నీ ఒకేలా ఉంటే
ఎన్ని పోయాయో తెలుస్తుంది,
ఏది పోయిందో తెలీదు.
దానియేలు చెప్పిన తేలిక ఇదేనేమో,
గడిలో వనరాజా అని రాసేద్దామనే అనుకున్నాను.

కానీ ఆ రాత్రి గట్టు మీద
నూకరత్నం నిద్రలో
"బా బా బా" అని పిలిచింది.
పేరు పెట్టనివాటిని
ఇంకెలా పిలుస్తుంది!

ఇవాళ పొద్దున్నే దానియేలొచ్చాడు.
మైలది పొదుగు మీదుంది.
కింద తొమ్మిది గుడ్లు:
మూడు తనవే, ఐదు తెల్లదానివి,
ఒకటి నూకరత్నం కొంగులో తెచ్చిచ్చింది,
వనరాజాది, "పెట్టి చూడవే" అంటూ.
మైలది జాతి అడగలేదు. కాస్త జరిగి కూచుంది.

"ఇరవైయొక్క రోజులాగు, దానియేలూ."
"బ్యాంకు ఆగదక్కా."
"అయితే వనరాజా పదిహేనని రాయి.
మిగిలిన డబ్బుకి గంప కొంటాను,
పడవలో పట్టేది, మూత గట్టిది."

ఆ పదిహేనింటికీ
కాళ్ళకి కొబ్బరిపీచు తాడు కడతాను,
ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు,
చీకట్లో నా వేళ్ళు చదువుకునేలాగా.

"పదిహేను ముళ్ళా?
అది కోడికాలక్కా, కొబ్బరిచెట్టు కాదు!"
నవ్వుకుంటూ సైకిలెక్కాడు.

నేను పీచు నానబోశాను.